అడగనిదే పెట్టని కాలేజీలు

(ఫ్రీమాంట్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక కమ్యూనిటీ కాలేజీ కౌన్సెలర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో చేరి, రెండేళ్లకు యూసీలోకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోకి, ట్రాన్స్‌ఫర్ అవడం ఎలా అన్నది నిర్వాహకులు నాకిచ్చిన అంశం. రోజూ నేను చెప్పే సంగతే అది. కానీ నిజం చెప్పాలంటే, ఈ హాల్లో ఉన్నవాళ్లకి నేను కొత్తగా చెప్పగలిగింది పెద్దగా లేదు. ఏ క్లాసు ఎక్కడ తీసుకుంటే ఎక్కడ చెల్లుతుందో మా ఆఫీసు కంటే ముందు మీ వాట్సాప్ గ్రూపుల్లోనే తెలిసిపోతోంది. (నవ్వులు) అందుకని ఇవాళ ఆ గ్రూపుల్లో లేనివాళ్ల గురించి మాట్లాడతాను. నా ఆఫీసుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. క్లాసుల్ని యూనిట్లలో, అంటే క్రెడిట్లలో లెక్కేస్తారు, యూనిట్‌కి 46 డాలర్లు. అరవై యూనిట్లు పూర్తి చేస్తే 2,760 డాలర్లు. ఇంత చవకగా ఎందుకు పెట్టారంటే, 1960లో రాష్ట్రం ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. హైస్కూల్లో పై 12.5 శాతం పిల్లలు యూసీకి, పై మూడో వంతు సీఎస్‌యూకి, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి, మిగిలిన ఎవరైనా సరే కమ్యూనిటీ కాలేజీకి. పదిహేడేళ్ల వయసులో పిల్లల్ని ఇలా మూడు వరసల్లో నిలబెట్టడం న్యాయమనిపించుకోవాలంటే, మూడో వరసలో ఉన్నవాడు బాగా చదివితే రెండేళ్లకు మొదటి వరసలోకి వెళ్లగలగాలి. ట్రాన్స్‌ఫర్ అనేది ఆ ప్లాన్‌కి తోకలా తగిలించింది కాదు. అది తీసేస్తే ప్లానే చెల్లదు.

మరి ఎంతమంది వెళ్తున్నారు? 2024 సెప్టెంబరులో రాష్ట్ర ఆడిటర్ ఒక రిపోర్టు ఇచ్చారు. ట్రాన్స్‌ఫర్ అవ్వాలనే ఉద్దేశంతో 2017 నుంచి 2019 మధ్య చేరినవాళ్లలో నాలుగేళ్లలో మారగలిగింది నూటికి 21 మంది. నల్లజాతి విద్యార్థుల్లో, లాటినో విద్యార్థుల్లో అంతకంటే తక్కువ. దేశం మొత్తం చూస్తే, కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టి ఆరేళ్లలో బ్యాచిలర్స్ డిగ్రీ చేతికందేది నూటికి 16 మందికి. నల్లజాతి విద్యార్థుల్లో ఆ లెక్క 9, హిస్పానిక్ విద్యార్థుల్లో 13. మన కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో లాటినో పిల్లలు సగానికి దగ్గరగా ఉంటారని గుర్తుపెట్టుకుని ఈ అంకెలు చూడండి.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి అడుగుతారు, ‘ఇదంతా చివరికి రిజర్వేషన్ల గొడవే కదా’ అని. ఇందాక టీ దగ్గర ఒక అంకుల్ అడిగారు కూడా. కాదండీ. మనకు తెలిసిన కోటా పద్ధతి ఈ దేశంలో చెల్లదని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కూడా ఇక్కడిదే. యూసీ డేవిస్ మెడికల్ స్కూల్ నూరు సీట్లలో 16 విడిగా ఉంచితే బాకీ అనే అభ్యర్థి కోర్టుకెక్కాడు. కోటా పోయింది, జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చన్న వెసులుబాటు మిగిలింది. 1996లో ప్రాపొజిషన్ 209 అనే ప్రతిపాదనకు కాలిఫోర్నియా ప్రజలు ఓటేసి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ వెసులుబాటు కూడా తీసేశారు. 1998లో బర్క్‌లీలో, యూసీఎల్‌ఏలో చేరిన నల్లజాతి, లాటినో పిల్లల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. 2020లో ఆ నిషేధం ఎత్తేద్దామని ప్రాపొజిషన్ 16 పెడితే అదీ ఓడిపోయింది. అప్పుడు ‘వద్దు’ అని గట్టిగా ప్రచారం చేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. చివరికి 2023 జూన్‌లో హార్వర్డ్ కేసు తీర్పుతో దేశమంతటా అదే పరిస్థితి వచ్చింది.

అంటే ఇవాళ యూసీ అడ్మిషన్లో రంగు చూడరు. సరే. చూడకుండానే ఫలితాలు రంగుని బట్టి ఎలా చీలుతున్నాయి? నేను ఇవాళ మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

ఏ కాలేజీ క్లాసు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే వెబ్‌సైట్, అసిస్ట్ డాట్ ఆర్గ్, మీరందరూ చూసే ఉంటారు. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే క్లాసు, కుడివైపు మన కాలేజీలో దానికి సరిపోయే క్లాసు. కొన్నిచోట్ల కుడివైపు గడిలో ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటుంది. అంటే మీ కాలేజీలో అది లేదు, ఎక్కడైనా వెతుక్కోండి అని. ఆ మాట చూడగానే మన అబ్బాయి ఏం చేస్తాడు? పక్క కాలేజీలో ఆన్‌లైన్ సెక్షన్ ఉందేమో చూస్తాడు, వాళ్ల నాన్న కొలీగ్ కొడుకు ఏం చేశాడో కనుక్కుంటాడు. ఇంట్లో కాలేజీ మొహం చూసినవాళ్లే లేని పిల్ల అదే గడి చూసి, ‘ఇది మనకు కాదు’ అనుకుని మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, మార్చేసుకుంటుంది. ఇద్దరికీ ఒకటే పేజీ, ఒకటే రూల్.

అదే కంప్యూటర్ సైన్స్‌కి ఒక క్యాంపస్ ఒక లిస్టు అడుగుతుంది, ఇంకో క్యాంపస్ ఇంకో లిస్టు. మూడు క్యాంపస్‌లకు అప్లై చేయాలంటే మూడు లిస్టులూ కలిపి చదవాలి. రెండేళ్లలో అవదు. మూడో ఏడాది వస్తుంది. ఆ మూడో ఏడాది అద్దె ఎవరు కడతారన్నది యూసీ అప్లికేషన్‌లో ఉండదు.

అద్దె అంటే గుర్తొచ్చింది. డి ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో, ఏడాదిని మూడు ముక్కలు చేసి, నడుస్తాయి. మన ఓలోనీ, హేవర్డ్‌లోని షాబో, స్టాక్టన్‌లోని డెల్టా సెమిస్టర్ పద్ధతి, ఏడాదికి రెండు ముక్కలు. ఫిజిక్స్ సిరీస్ డి ఆంజాలో మూడు క్వార్టర్లు అనుకోండి. ఒక కుర్రాడు రెండు పూర్తి చేశాడు. ఇంతలో ఇంటి అద్దె పెంచారు, కుటుంబం స్టాక్టన్ వెళ్లిపోయింది. మిగిలిన ముక్క డెల్టాలో చదువుదామంటే అక్కడ సిరీస్ వేరే చోట తెగుతుంది. చాలా క్యాంపస్‌లు సిరీస్ మొత్తం ఒకేచోట చదివితేనే ఒప్పుకుంటాయి. దాంతో చదివిందే మళ్లీ చదవాలి. బే ఏరియా అద్దెలు తట్టుకోలేక లోపలికి, ట్రేసీ, స్టాక్టన్ వైపు వెళ్లిపోతున్నది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. రూల్లో జాతి ఊసే లేదు, కానీ అది వెళ్లి తగిలేది ఎవరికో ముందే తెలుసు. 2017లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఒక లెక్క వేసింది. 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకున్నారట. వంద రూపాయలు తీసుకెళ్తే 43 దారిలోనే పోవడం.

మీలో డిప్లొమా చేసి ఈసెట్ రాసి బీటెక్‌లో చేరినవాళ్లుంటే చేతులెత్తండి. ఓ, చాలామందే ఉన్నారు. మీరు సెకండియర్లో చేరినప్పుడు పాలిటెక్నిక్‌లో చదివిన ఒక్కో సబ్జెక్టూ తీసుకెళ్లి, ఇది చెల్లుతుందా, అది చెల్లుతుందా అని ఒక్కో కాలేజీ గుమ్మం తొక్కారా? లేదు. ఒకటే పరీక్ష, ఒకటే కౌన్సెలింగ్, నేరుగా సెకండియర్. దాని కష్టాలు దానికున్నాయి. మ్యాథ్స్‌లో వెనకబడి మొదటి సెమిస్టర్లో ఇబ్బంది పడ్డవాళ్లు ఎంతమందో మీకే బాగా తెలుసు. కానీ దారేదో వెతుక్కునే పని విద్యార్థి నెత్తిన పెట్టలేదు.

కాలిఫోర్నియా కూడా అటువైపే నెమ్మదిగా కదులుతోంది. 2010లో ఎస్‌బీ 1440 చట్టం వచ్చింది. అప్పటి స్టేట్ సెనేటర్, ఇప్పటి యూఎస్ సెనేటర్ అలెక్స్ పడిల్లా తెచ్చిన బిల్లు అది. కమ్యూనిటీ కాలేజీలో 60 యూనిట్లతో అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అనే రెండేళ్ల డిగ్రీ చేస్తే సీఎస్‌యూలో సీటు గ్యారంటీ, ఇంకో 60 యూనిట్లతో బ్యాచిలర్స్ డిగ్రీ. చదివిందే మళ్లీ చదవనక్కర్లేదు. మంచి చట్టం. కానీ సీటు గ్యారంటీ ఇచ్చింది సిస్టమ్‌లో, మీరు కోరిన క్యాంపస్‌లో కాదు. శాన్ హోసే స్టేట్‌లో పోటీ ఎక్కువ, హంబోల్ట్‌లో ఖాళీలున్నాయి అంటారు. ఆరు గంటల ప్రయాణం. తల్లిని డయాలసిస్‌కి తీసుకెళ్లే పిల్ల హంబోల్ట్ ఎలా వెళ్తుంది?

ఇంకో ఇబ్బంది, ఆ డిగ్రీ కావాలని విద్యార్థే అడగాలి. అడగనిదే అమ్మైనా పెట్టదని మనం పిల్లలకి చెబుతుంటాం. ఇంట్లో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. ప్రభుత్వ పాలసీగా మాత్రం అది ఘోరం. అడగాలని తెలిసినవాడికే పెట్టడమంటే, అన్నయ్యో అక్కో ముందే కాలేజీకి వెళ్లినవాడికే పెట్టడం. 2021లో వచ్చిన ఏబీ 928 దీన్ని తిరగేసింది. ట్రాన్స్‌ఫర్ నా లక్ష్యం అని చెప్పిన విద్యార్థిని, ఆ మేజర్‌లో అలాంటి డిగ్రీ ఉంటే, కాలేజీయే ఆ దారిలో పెట్టాలి. వద్దనుకుంటే విద్యార్థి చెప్పి తప్పుకోవచ్చు. కాలేజీలకు 2024 ఆగస్టు గడువు పెట్టారు. అదే చట్టం యూసీకి ఒకటి, సీఎస్‌యూకి ఒకటి ఉన్న జనరల్ ఎడ్యుకేషన్ లిస్టుల్ని కలిపి ఒక్కటి చేసింది. క్యాల్-జీఈటీసీ అంటారు. 34 యూనిట్లు, 2025 ఫాల్ నుంచి అమల్లో ఉంది. దానితోపాటే ఏబీ 1111 అని ఇంకో చట్టం. అన్ని కాలేజీల్లో ఒకే క్లాసుకి ఒకే నంబరు ఉండాలంటుంది. ఇన్నాళ్లూ మొదటి ఇంగ్లిష్ క్లాసు ఒకచోట ఇంగ్లిష్ 1ఏ, ఇంకోచోట ఈడబ్ల్యూఆర్‌టీ 1ఏ. ఇప్పుడది అంతటా ఇంగ్లిష్ సీ1000. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. జాతి సమానత్వం పేరిట నేను విన్న చాలా ఉపన్యాసాల కంటే ఈ నంబర్ల మార్పు ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఇలా ఎందుకంటున్నానంటే, ఒకసారి జరిగి చూశాం. పదేళ్ల కిందట కమ్యూనిటీ కాలేజీలో చేరగానే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉండేది. అందులో మార్కులు తక్కువొస్తే రెమెడియల్ మ్యాథ్స్. కాలేజీ స్థాయి కంటే ఒక మెట్టు కింద కావచ్చు, నాలుగు మెట్లు కింద కూడా కావచ్చు. ఒక్కదానికీ యూసీలో క్రెడిట్ రాదు. నాలుగు మెట్ల కింద మొదలుపెట్టిన వందమందిలో ప్రతి మెట్టులోనూ నూటికి 70 మంది పాసై ముందుకెళ్తారని అనుకోండి. 70, 49, 34, 24. అసలు కాలేజీ మ్యాథ్స్ దాటేసరికి 17 మంది మిగులుతారు. ఎవర్నీ ఎవరూ ఫెయిల్ చేసి తరమలేదు, మెట్లే తరిమాయి. నల్లజాతి, లాటినో పిల్లల్నే ఆ కింది మెట్ల మీద ఎక్కువగా నిలబెట్టేవాళ్లు. 2017లో ఏబీ 705 వచ్చి, హైస్కూల్ గ్రేడ్లు చూడండి, నేరుగా కాలేజీ స్థాయి క్లాసులో కూర్చోబెట్టండి, సాయం కావాలంటే పక్కన ఇంకో క్లాసు ఇవ్వండి అంది. 2019 ఫాల్ నుంచి అమలు. మొదటి ఏడాదిలోనే కాలేజీ మ్యాథ్స్, ఇంగ్లిష్ దాటినవాళ్ల సంఖ్య అన్ని వర్గాల్లోనూ పెరిగింది. తేడా మాత్రం పూర్తిగా పోలేదు. క్లాసులో కూర్చోబెట్టి సాయం సరిగా ఇవ్వని చోట ఫెయిలైనవాళ్లూ పెరిగారు. లెక్చరర్లు దీని మీద ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు. నేను ఏ పక్షమో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. విద్యార్థులకు ఇచ్చే ప్రోత్సాహకాల గురించి నాకు కొంచెం కోపం కూడా ఉంది, ఓపిక పట్టండి.

స్టూడెంట్ సక్సెస్ కంప్లీషన్ గ్రాంట్ అని ఒకటుంది. క్యాల్ గ్రాంట్ అనే రాష్ట్ర ఆర్థిక సాయం వచ్చే కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకి. సెమిస్టర్‌కి 12 యూనిట్లు తీసుకుంటే 1,298 డాలర్లు. 15 తీసుకుంటే 4,000. మూడు యూనిట్ల తేడాకి 2,702 డాలర్లు. ఉద్దేశం మంచిదే. ఎక్కువ క్లాసులు తీసుకున్నవాళ్లు త్వరగా పూర్తి చేస్తారు, ఉద్యోగం కొంచెం తగ్గించుకుని చదవండి అని. పనిచేస్తుంది కూడా, ఉద్యోగం తగ్గించుకోగలిగినవాళ్లకి. ట్రేసీ వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు ఒకడు నా ముందు కూర్చుని ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాడు. షిఫ్టు ఒకటి వదులుకుంటే ఎంత పోతుంది, గ్రాంట్ ఎంత వస్తుంది. లెక్క దాదాపు సరిపోయింది. అప్పుడు అడిగాడు, ‘మధ్యలో ఒక క్లాసు వదిలేయాల్సి వస్తే ఆ డబ్బు వెనక్కి అడుగుతారా?’ అని. అడగొచ్చు, ఎప్పుడు వదిలేశావన్న దాన్ని బట్టి ఉంటుంది అన్నాను. క్యాలిక్యులేటర్ మూసేసి 12 యూనిట్లకే సంతకం పెట్టాడు. వాడు చేసింది తెలివితక్కువ పనా? ఇంట్లో వెనక్కి తగ్గడానికి చోటులేనివాడు రిస్క్ తీసుకోడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఆ 12 యూనిట్లు కూడా తీసుకోలేనివాళ్ల మాటేమిటి? సగం రోజు పని, పిల్లలు, ఆరు యూనిట్లు. ఈ గ్రాంట్ వాళ్లకి అసలే లేదు. రెండేళ్లు ఫీజు ఉచితం అని ఊరూరా ప్రచారం చేసిన కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ కూడా ఫుల్‌టైమ్ వాళ్లను ఉద్దేశించిందే. దాదాపు అదే పేరుతో కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ అని ఇంకోటుంది, ఆదాయం తక్కువైతే ఎన్ని యూనిట్లు తీసుకున్నా ఫీజు మాఫీ చేసేది. రెండింటికీ ఆ పేర్లు పెట్టిన మహానుభావులెవరో గానీ, నా ఉద్యోగంలో సగం ఆ తేడా చెప్పడానికే పోతోంది. (నవ్వులు) ఒక మంచి పని మాత్రం జరిగింది. 2021 నుంచి కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకి క్యాల్ గ్రాంట్‌లో వయసు పరిమితి, హైస్కూల్ అయి ఎన్నేళ్లయిందన్న పరిమితి తీసేశారు. ట్రాన్స్‌ఫర్ అయి యూసీకో సీఎస్‌యూకో వెళ్తే ఆ గ్రాంట్ వెంట వస్తుంది. ముప్ఫై ఏళ్లకి మళ్లీ చదువుకి వచ్చినవాళ్లకి ఇది పెద్ద సంగతి.

కాలేజీలకు కూడా ప్రోత్సాహకాలున్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. 2018 నుంచి రాష్ట్రం ఇచ్చే డబ్బులో కొంత భాగం ఫలితాల పాయింట్ల మీద వస్తుంది. విద్యార్థికి ఆ ట్రాన్స్‌ఫర్ డిగ్రీ ఇస్తే కాలేజీకి 4 పాయింట్లు. విద్యార్థి నిజంగా యూనివర్సిటీకి మారితే 1.5. పట్టా ఇవ్వడానికి ఎక్కువ, పంపించడానికి తక్కువ. దీనికో వాదన ఉంది, యూనివర్సిటీలో సీటు కాలేజీ చేతిలో లేదు, పట్టా ఉంది అని. ఒప్పుకుంటాను. కానీ పట్టా చేతికిచ్చి ఫోటో తీశాక ఆ పిల్ల సీఎస్‌యూలో చేరిందా లేదా అని ఫోన్ చేసి కనుక్కునే మనిషిని కాలేజీ ఎందుకు పెట్టుకుంటుంది? పేద విద్యార్థుల ఫలితాలకు ఈ సూత్రం అదనంగా ఇస్తుంది, అది మంచిదే.

ఫోన్ చేసి కనుక్కునే మనుషులున్న చోట ఏమవుతుందో చూడాలంటే ఇక్కణ్ణించి పది పదిహేను మైళ్లు చాలు. హేవర్డ్ షాబో కాలేజీలో 1981లో పుయెంటే అనే కార్యక్రమం మొదలైంది. లాటినో పిల్లలు ఎందుకు మారలేకపోతున్నారని ఇద్దరు ఉద్యోగులు, ఒక కౌన్సెలర్, ఒక ఇంగ్లిష్ టీచర్, కూర్చుని ఆలోచించి పెట్టింది. ఇంగ్లిష్ క్లాసు, కౌన్సెలర్, ఊళ్లోంచి ఒక మెంటర్, ఈ మూడూ ఒక్క గుంపుగా. అంతే. తర్వాత రాష్ట్రమంతా పాకింది. నల్లజాతి విద్యార్థుల కోసం అదే దారిలో ఉమోజా వచ్చింది. 209 తర్వాత రెండూ ఎవరికైనా తెరిచే ఉంటాయి, మన పిల్లలు కూడా చేరొచ్చు. కాలిఫోర్నియాలో చారిత్రక నల్లజాతి అండర్‌గ్రాడ్యుయేట్ కాలేజీలు లేవు కాబట్టి, 2015లో కమ్యూనిటీ కాలేజీల సిస్టమ్ ఎక్కువగా దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్న అలాంటి కాలేజీలతో ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఒప్పందం చేసుకుంది. అట్లాంటా వైపు బంధువులున్న పిల్లలు దాన్ని బాగా వాడుకుంటున్నారు.

ఇప్పుడు మనవైపు వస్తాను, కోప్పడకండి. హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ క్లాసులు ఉచితంగా తీసుకునే సదుపాయం మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. తొమ్మిదో క్లాసు పిల్లలకి కూడా రిజిస్ట్రేషన్ తెరిచిన నిమిషంలో సీట్లు బుక్ చేస్తాం. 2015లో ఏబీ 288 చట్టం హైస్కూల్‌తోపాటే కాలేజీ క్లాసులు చదివే ఈ పద్ధతిని విస్తరించింది ఎవరి కోసమో తెలుసా? కాలేజీకి వెళ్లే ఆలోచనే లేని పిల్లల కోసం, వాళ్ల స్కూల్లోనే పెట్టమని. మనం వాడుకోవడం తప్పని నేననను. చట్టం ఒప్పుకుంటుంది, పిల్లలు చదువుకుంటున్నారు. ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్ సెక్షన్లో ముందుగా నిండే సీట్లు మాత్రం ఎవరివో నాకు వెయిట్‌లిస్ట్ చూస్తే తెలుస్తుంది. ఆ వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకి ఆ క్లాసు ఈ సెమిస్టర్ దొరక్కపోతే ట్రాన్స్‌ఫర్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

(సభలోంచి ప్రశ్న: యూసీ గ్యారంటీ సీటు, అదే టీఏజీ, అది కూడా మావాళ్లే ఎక్కువ తీసుకుంటున్నారని మీ ఉద్దేశమా?)

టీఏజీ ఆరు క్యాంపస్‌లకే ఉంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోకి లేదు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, అప్లికేషన్ సెప్టెంబరు నెలలోనే. ఆ సెప్టెంబరు అన్న మాట తెలిసినవాళ్లు తీసుకుంటున్నారండీ. మనవాళ్లా కాదా అన్నది తర్వాత సంగతి. అది కూడా ఏబీ 928లాగా, అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ ‘నీకు ఈ సీటు ఉంది, కావాలా’ అని వాళ్లే ఉత్తరం పంపేలా చేయొచ్చు. మార్కులు, యూనిట్లు అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. యూసీఎల్‌ఏ ఆ ట్రాన్స్‌ఫర్ డిగ్రీని కొన్ని మేజర్లలో ప్రయోగాత్మకంగా గుర్తించాలని 2023లో ఒక చట్టం వచ్చింది. అది ఎలా నడుస్తుందో చూడాలి.

(ఇంకో ప్రశ్న: మేం ఏం చేయగలం? ఓటు హక్కు కూడా చాలామందికి లేదు.)

కాలేజీ బోర్డు మీటింగ్‌లో మాట్లాడడానికి ఓటు హక్కు అక్కర్లేదు, సిటిజన్ అవ్వక్కర్లేదు. బోర్డు మీటింగులు బహిరంగమే, పబ్లిక్ కామెంట్‌కి టైమ్ ఇవ్వాలని చట్టం ఉంది. ఎజెండా 72 గంటల ముందు వెబ్‌సైట్‌లో పెడతారు. ప్రతి కాలేజీకి స్టూడెంట్ ఈక్విటీ ప్లాన్, అంటే వర్గాల మధ్య తేడాలు తగ్గించే ప్రణాళిక, ఉంటుంది, అందులో ట్రాన్స్‌ఫర్ లెక్కలు వర్గాలవారీగా ఉంటాయి. అది ముందు చదివి వెళ్లండి. వెళ్లి రెండే అడగండి. ట్రాన్స్‌ఫర్ లక్ష్యమని రాసినవాళ్లలో ఎంతమందిని ఆ డిగ్రీ దారిలో పెట్టారు? గేట్‌వే మ్యాథ్స్, అంటే కాలేజీ స్థాయి మొదటి మ్యాథ్స్ క్లాసులు, సాయంత్రం ఆరు తర్వాత ఎన్ని సెక్షన్లు నడుపుతున్నారు? రెండో ప్రశ్నకి వాళ్ల దగ్గర సమాధానం వెంటనే ఉండదు. రాసుకుని వచ్చే నెల చెబుతామంటారు. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.